ఏడూ ఎక్కాయి

మా వదిన తీరిగ్గా నిలబడి సూర్యాస్తమయం చూసి ఎన్నేళ్ళయిందో తెలియదు గానీ, ఏ రోజు పొద్దు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు కుంకుతుందో మాత్రం అడక్కముందే చెబుతుంది. అదేదో ఆసక్తి కొద్దీ నేర్చుకున్న విద్య కాదు. పెరట్లో ఏడు కోళ్ళున్నాయి. చీకటి పడేలోగా గూటి తలుపుకు గడియ పెట్టాలి. అంతే. ఆ అంతే అనే మాట చుట్టూ నాలుగేళ్ళుగా ఆవిడ బతుకు తిరుగుతోంది.

వదిన ఆసుపత్రిలో పనిచేస్తుంది. నర్సు కాదు, ఆయా కాదు. ఆపరేషన్లకు వాడే కత్తులు, కత్తెరలు, పట్టుకార్లు కడిగి, ఆవిరి మిషన్లో పెట్టి, గుడ్డలో చుట్టి మళ్ళీ పైకి పంపే గది ఒకటి కింది అంతస్తులో ఉంటుంది. కిటికీల్లేని గది. అందులో ఆవిడ పనల్లా లెక్కపెట్టడం. పైకి వెళ్ళిన పళ్ళెంలో ముప్ఫై ఆరుంటే కిందికి ముప్ఫై ఆరూ రావాలి. ఒక్కటి తగ్గినా ఆ గదిలోంచి ఎవరూ ఇంటికి కదలకూడదు. ఒకసారి వేలెడంత పట్టుకారు కనబడక చెత్త డబ్బాలన్నీ నేల మీద గుమ్మరించి రెండు గంటలు వెతికారట. చివరికి మాసిన దుప్పటి మడతలో దొరికింది.

"దొరక్కపోతే ఏం చేసేవాళ్ళు? ఉందని రాసేసి వచ్చేస్తే సరి కదా," అన్నాను నేను, నా సహజమైన తెలివితో.

వదిన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "లేనిదాన్ని ఉందని చెప్పిన రోజు నేను ఆ గదిలో ఉండకూడదు," అంది.

కాగితం మీద ఆవిడ డ్యూటీ సాయంత్రం అయిదింటికి అయిపోతుంది. కాగితానికేం, ఎన్నయినా చెబుతుంది. పైన ఆపరేషన్ సాగితే కింద వదిన సాగాలి. ఇంటికి స్కూటర్ మీద ఇరవై అయిదు నిమిషాలు, దారిలో రెండు సిగ్నళ్ళు, ఒక రైలు గేటు. చలికాలంలో పొద్దు ముందే వాలిపోతుంది గనక ఆ నెలల్లో వదిన మొహం చూడాలి. గది గోడకున్న గడియారం వంకా, కడుగుతున్న కత్తెరల వంకా చూస్తూ పెదాలు కదుపుతూ ఉంటుందట. తోటివాళ్ళు దేవుడి పేరు తలుచుకుంటోందనుకుంటారు. ఆవిడ తలుచుకునేది రైలు గేటు పడే వేళ.

పొద్దున అయిదుకు లేస్తుంది. గూడు తెరవడం, నీళ్ళ గిన్నె కడగడం, నూకలు చల్లడం, గూటి అడుగు చెక్క మీద బూడిద మార్చడం, గుడ్లు తియ్యడం, ఆ తర్వాత వంట, ఆ తర్వాత స్నానం. జుట్టులో గడ్డిపరకతోనే డ్యూటీకి వెళ్ళిన రోజులున్నాయి. వారానికొక్క సెలవు మంగళవారం. ఆ రోజు గూడంతా కడిగి ఎండబెడుతుంది. ఎవరైనా పెళ్ళికి పిలిస్తే వదిన అడిగే మొదటి ప్రశ్న, "సాయంత్రానికి తిరిగి రావచ్చా?" అని. నాలుగేళ్ళలో ఆవిడ ఒక్క రాత్రి కూడా ఈ ఇల్లు దాటి పడుకోలేదు.

ఈ కోళ్ళ పుణ్యం మా అన్నయ్యది. దూర ప్రయాణాల లారీ డ్రైవరు. పది రోజులకు రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, ఆ రెండు రోజుల్లో ఇరవై రోజులకు సరిపడా ఉత్సాహం చూపిస్తాడు. ఒకసారి అట్టపెట్టెలో తొమ్మిది పిల్లల్ని పట్టుకొచ్చి, "ఇంటి గుడ్లు తినొచ్చు, ఏముంది, వాటంతటవే పెరుగుతాయి," అన్నాడు. గూడు మాత్రం బాగా కట్టాడు. నేల నుంచి నడుం ఎత్తున, ఎక్కడానికి ఏటవాలు చెక్క పెట్టి, బలమైన జాలీతో. గడియ ఒక్కటి మనిషి వెయ్యాలి. ఆ మనిషెవరని ఆయన ఆలోచించలేదు. మా అన్నయ్య ముచ్చట్లన్నీ మూణ్ణాళ్ళవే, మిగిలిన రోజులన్నీ వదినవి.

మరి ఇంట్లోనే ఉండే నేనేం చేస్తున్నానంటారా? చెబుతాను. దాచిపెట్టి లాభం లేదు.

నేను ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. వదిన నన్ను మిషనమ్మా అనే పిలుస్తుంది. కోళ్ళు వచ్చిన ఏడాదే, ఒక సాయంత్రం ఆవిడ ఫోను చేసి, "పైన ఆపరేషన్ ఇంకా అవలేదే, ఈ ఒక్కపూట గడియ పెట్టు," అంది. సరేనన్నాను. ఆ రోజు నా చేతిలో బడిపిల్లల యూనిఫారాలు నలభై ఉన్నాయి, మర్నాడు పొద్దునే ఇవ్వాలి. కాలరు ఒకటి వంకరొచ్చింది, విప్పి మళ్ళీ కుట్టాను. తల ఎత్తేసరికి చీకటి. వదిన స్కూటరు లోపలికి రావడం, పెరట్లోంచి ఆవిడ గొంతు "అయ్యో" అనడం రెండూ ఒకేసారి విన్నాను. పక్క ఖాళీ స్థలంలోని పొదల్లో బావురుపిల్లి ఒకటి తిరుగుతుంటుంది. తొమ్మిది ఏడయ్యాయి.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను అడగడం మానేసింది, అంతే. ఆ తర్వాత మూడేళ్ళలో ఎన్నిసార్లు ఆలస్యమైందో, ఎన్నిసార్లు రైలు గేటు దగ్గర స్కూటరు పక్కన పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని పట్టాలు దాటి పరిగెత్తుకొచ్చిందో నాకు తెలుసు. నాకు మాత్రం ఫోను రాలేదు. పోనీ నా అంతట నేను లేచి గడియ పెట్టొచ్చు కదా? పెట్టలేదు. అడిగితే పెడదామనుకున్నాను. రోషానికి తలా తోకా ఉండవు.

ఇలా ఉండగా ఆసుపత్రి పెద్ద నర్సమ్మ వదినను పిలిచింది. కొత్త భవనంలో పరికరాల గది ఒకటి తెరుస్తున్నారు. దానికి ఇన్‌చార్జి కావాలి. డ్యూటీ పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం మూడు, పైన ఏ ఆపరేషన్ సాగినా మూడింటికి వేరేవాళ్ళు వచ్చి అందుకుంటారు. అందుకు మూడు వారాల శిక్షణ, ఆరు గంటల బస్సు దూరంలో ఉన్న ఊళ్ళో. ఒక్క రోజు మానినా పేరు కొట్టేస్తారు. నలభై అయిదు దాటినవాళ్ళ పేర్లు పంపరు. వదినకు నలభై నాలుగు నిండాయి. రెండేళ్ళ క్రితం కూడా పిలుపు వస్తే, "ఇంట్లో కుదరదండీ," అని చెప్పి వచ్చిందట. ఇంట్లో కుదరనిది ఏమిటో పెద్ద నర్సమ్మకు చెప్పలేదు. ఎలా చెబుతుంది, మా కోళ్ళు ఒప్పుకోవని చెబుతుందా?

ఈ సంగతి నాకు వదిన చెప్పలేదు. ఆవిడ డ్యూటీ చొక్కా జేబు చిరిగిందని కుట్టబోతే కాగితం దొరికింది. శుక్రవారంలోగా జవాబివ్వాలని రాసుంది. ఆ రోజు బుధవారం.

"ఏం చెప్పావు?" అన్నాను కాగితం చూపించి.

"ఇంకా ఏం చెప్పలేదు."

"ఏం చెబుతావు?"

వదిన గుడ్ల మీది మరకలు తుడుస్తూ కూర్చుంది. తర్వాత, "మూడింటికి ఇంటికొస్తే ఎలా ఉంటుందే మిషనమ్మా? మంగళవారాలు గూడు కడుగుతూ తలే ఎత్తను. మూడింటికి ఎండ ఎక్కడిదాకా వస్తుందో కూడా మర్చిపోయాను," అంది. గొంతులో ఏడుపు లేదు. నేను లేచి ఫోను అందుకున్నాను.

అన్నయ్యకు ఫోను చేస్తే, వెలుతురు తగ్గగానే దానంతటదే మూసుకునే తలుపు దొరుకుతుంది, తెస్తానన్నాడు. వదిన వద్దంది. "మూసుకుంటుంది సరే, లెక్కపెడుతుందా?" అంది.

"నేను పెడతాను లెక్క," అన్నాను. "మూడు వారాలు మిషను సాయంత్రం నాలుగున్నరకే మూసేస్తాను. నా మీద ఒట్టు."

వదిన చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ తొమ్మిదీ ఏడూ మా ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసి, "సంతకం పెట్టేశానే," అంది. భయపడ్డ గొంతుతో.

వెళ్ళేలోగా నాకు పాఠాలు చెప్పింది. ఏడింటికీ మారుపేర్లున్నాయి. పొగరుబోతు ముందు ఎక్కుతుంది. దాని వెనక దొరసాని. కవలలు రెండూ ఒకేసారి చెక్క మీద ఇరుక్కుంటాయి, తొయ్యకూడదు. బొద్దుది, గొణుగుడుది. అందరికంటే చివర కుంటిది. అట్టపెట్టెలో వచ్చినప్పుడే దానికి ఒక కాలు వంకర. బట్టలుతికే రాయెక్కి గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది, వదిన రాగానే దిగి గూడెక్కుతుంది. అన్నీ ఎక్కాక చెయ్యి లోపల పెట్టి ఒక్కొక్క వీపూ తాకి లెక్కపెట్టాలి. చీకట్లో కళ్ళను నమ్మకూడదు.

"నూకల డబ్బా ఆడించు, వచ్చేస్తాయి," అంది. ఆవిడకు తెలిసింది అదే. నాకూ అదే తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కింది. స్కూటరు పెరట్లో నిలబెట్టి తాళం మేకుకు తగిలించింది.

ఆ సాయంత్రం నాలుగుంపావుకే పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పొద్దు వాలింది. పొగరుబోతు ఎక్కింది, దొరసాని ఎక్కింది, కవలలు ఇరుక్కుని విడిపించుకున్నాయి. ఆరూ లోపలికి పోయాయి. కుంటిది మాత్రం రాయి మీద కూర్చుని గేటు వంక చూస్తోంది. డబ్బా ఆడించాను. లోపలున్న ఆరూ బిలబిలమంటూ బయటికొచ్చాయి. కుంటిది మెడ కూడా తిప్పలేదు. ఆరింటినీ బతిమాలి, తిట్టి, మళ్ళీ ఎక్కించేసరికి నా చీర కుచ్చిళ్ళు బురదయ్యాయి. అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కాయా?" వదిన.

"ఆ, ఎక్కాయి."

"ఏడూనా?"

కుంటిది నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది. రెండు నిమిషాల్లో లోపల పడేస్తాను, ఈలోగా ఆవిడను కంగారు పెట్టడం దేనికి? "ఏడూ ఎక్కాయి," అన్నాను.

"కుంటిది కూడానా? అప్పుడేనా?"

"అప్పుడే."

అవతల బస్సు హారను మోగింది. తర్వాత, "సరే, వేళకు తిను," అని పెట్టేసింది.

ఫోను పెట్టి కుంటిదాన్ని పట్టుకోబోయాను. కోడిని వెంటపడి పట్టుకోకూడదని నాకెవరూ చెప్పలేదు, వదినకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు గనక. అది రాయి మీంచి తొట్టి మీదికి, తొట్టి మీంచి గోడ మీదికి ఎగిరింది. కుంటికాలుతో అంత ఎత్తు ఎగురుతుందని కలలో కూడా అనుకోలేదు. గోడ అవతల ఖాళీ స్థలం. టార్చి పట్టుకుని పొదలన్నీ వెతికాను. పిలిచాను, బతిమాలాను, చివరికి ఏడ్చాను. పొద్దున గోడవార గోధుమరంగు ఈకలు దొరికాయి. ఏరి పాత గుడ్డలో మూటగట్టి బట్టల బీరువాలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

ఆ మధ్యాహ్నం అసలు దెబ్బ తగిలింది. ఎదురింటి మేస్త్రి స్కూటరు మీద వచ్చి వీధిలో ఆపాడు. ఆ చప్పుడుకు పెరట్లో ఉన్న ఆరు కోళ్ళూ రెక్కలు విదిలించుకుంటూ గేటు దగ్గరికి ఉరికాయి. ఆ బండి, మా వదిన బండి ఒకే రకం. అప్పుడు తెలిసింది. నాలుగేళ్ళుగా అవి వింటున్నది నూకల డబ్బాను కాదు. వదిన వచ్చేది చీకటి అంచున గనక, స్కూటరు చప్పుడయ్యాకే రోజు అయిపోయినట్టు వాటికి లెక్క. బండి మోగని రోజున ఆవిడే కళ్ళెదుట ఉండేది. మిగతావి ఆకలికో చీకటికో లొంగుతాయి. కుంటిది లొంగదు. మేకుకు తగిలించి ఉన్న తాళం తీసి, స్టాండు మీదే ఆ బండి ఒక్క నిమిషం మోగించి ఉంటే ఆ కోడి తనంతట తానే దిగి గూడెక్కేది. నా చేతికి అందేంత దూరంలో ఉన్న పని.

అన్నయ్యకు చెప్పాను. "ఓ కోడి పోతే ఇంత రాద్ధాంతమా? అదే రంగుది ఇంకోటి తెస్తాలే," అన్నాడు.

"కుంటికాలు ఎక్కడ తెస్తావు?" అని ఫోను పెట్టేశాను. కోపం ఆయన మీద కాదని ఆయనకు తెలియదు.

నిజం చెబితే వదిన మర్నాటి బస్సుకు వచ్చేస్తుంది. వస్తే ఆ గది, ఆ మూడింటి ఎండ, అన్నీ పోతాయి. చెప్పకపోతే? ఇరవై ఒక్క సాయంత్రాలు ఆ ఒక్క మాటే చెప్పాను. రోజూ వేళకు స్కూటరు మోగించడం, ఆరింటి వీపులూ తాకడం, గడియ పెట్టడం, ఫోను కోసం ఎదురుచూడడం. పాఠం మధ్యలోంచి లేచి వరండాలోకి వచ్చి చేసేది ఆవిడ. వెనకాల ఎవరో పాఠం చెబుతున్న గొంతు వినబడేది. "ఎక్కాయా?" "ఏడూ ఎక్కాయి." ఆవిడ అక్కడ బందీ, నేనిక్కడ బందీ. నాలుగున్నరయితే నా చేతులు వాటంతటవే మిషను మీద గుడ్డ కప్పేసేవి. ఎవరైనా అర్జెంటు పని తెస్తే, ఇప్పుడు కాదండీ, చీకటి పడుతోందండీ అనేదాన్ని. బయటేమో కళ్ళు చెదిరే ఎండ. నాలుగేళ్ళు వదిన బతికింది ఇలాగా అనుకునేదాన్ని. ఆవిడ మీద జాలి, నా మీద అసహ్యం, రెండూ కలిసి.

పదో రోజో పదకొండో రోజో ఒక విషయం తట్టింది. మొదటి రోజు తర్వాత వదిన కుంటిది అనే మాట ఎత్తలేదు. పొగరుబోతు గుడ్డు పెడుతోందా అని అడిగింది, బొద్దుదాని ఈకలు రాలుతున్నాయా అని అడిగింది. తనకు అన్నిటికంటే ఇష్టమైనదాని సంగతి మాత్రం అడగలేదు. మర్చిపోయిందనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది.

మూడు వారాలకు, ఆదివారం సాయంత్రం ఆటో దిగింది. చేతిలో సంచీ, సంచీలో అట్టలో పెట్టిన కాగితం. మొహం కాస్త నిండింది. ఆ మూడు వారాలూ ఒకరు వండిపెట్టింది తిన్నది కదా. "మొదటి నలుగురిలో వచ్చానే," అంది. నేను నవ్వబోయాను, కుదరలేదు.

చెప్పాల్సిన మాటలు పొద్దున్నుంచీ వల్లెవేస్తున్నాను. వదిన సంచీ మెట్టు మీద పెట్టి, చెప్పులు కూడా విడవకుండా పెరట్లోకి నడిచింది. పొద్దు వాలుతోంది. బట్టలుతికే రాయి ఖాళీగా ఉంది. ఆవిడ దాని వంక చూసి పక్కకు తిరిగింది.

వేళయింది. వేరే దారి లేక నేను మేకు మీది తాళం తీసి స్కూటరు మోగించాను. మూలమూలల నుంచి కోళ్ళు వచ్చి చెక్క ఎక్కసాగాయి.

"ఇదేమిటే?" అంది వదిన ఆశ్చర్యంగా.

"ఈ చప్పుడుకే వస్తాయి వదినా. నీ బండి చప్పుడుకు."

ఆవిడ బండి వంక చూసింది, గేటు వంక చూసింది, రాయి వంక చూసింది. నాలుగేళ్ళుగా తను వచ్చినప్పుడల్లా జరిగింది ఏమిటో ఆవిడకు ఒక్కసారిగా అర్థమవుతున్నట్టుంది.

"ఎప్పుడు కనిపెట్టావు?" అంది మెల్లగా.

"రెండో రోజు," అన్నాను.

నోరు జారాక గానీ నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియలేదు. రెండో రోజు. అంటే మొదటి రోజు తెలియదు. మొదటి రోజు ఏం జరిగిందో ఇక చెప్పనక్కర్లేదు. స్కూటరు ఆపేశాను. వదిన మొహంలో ఆశ్చర్యం లేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడకిది కొత్త కాదని. మొదటి రోజు ఫోనులోనే, చివర ఎక్కే కుంటిది అప్పుడేనా అని అడిగినప్పుడే తెలుసుకుంది. తెలిసీ బస్సెక్కి రాలేదు. తెలిసీ ఇరవై సార్లు నా చేత ఆ మాట చెప్పించుకుంది.

వదిన గూటి ముందు వంగి చెయ్యి లోపల పెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర ఆగాయి. చెయ్యి తీయకుండా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆసుపత్రిలో పట్టుకారు పోయిన రోజు కూడా ఇలాగే రెండుసార్లు లెక్కపెట్టి ఉంటుంది. మళ్ళీ ఆరు దగ్గరే ఆగింది. అరుస్తుందనుకున్నాను. అరవాలని కోరుకున్నాను.

చెయ్యి బయటికి తీసింది. తలుపు మూసి గడియ పెట్టింది.

"ఏడూ ఎక్కాయి," అంది.

ఫోనులో నేను చెప్పినట్టే, ఆ మాటే, ఆ గొంతుతోనే. లేనిదాన్ని ఉందని ఆవిడ నోటితో చెప్పడం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. వదిన నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, వెళ్ళి బట్టలుతికే రాయి మీద కూర్చుంది. గేటు వైపు మొహం పెట్టి, చీకటి పడి నేను లోపలికి రమ్మని పిలిచేదాకా అక్కడే కూర్చుంది.